నీచు వాసన

సోమవారం ఉదయం ఆరు నలభై ఐదుకి స్టేషన్‌కి ఫోన్ వచ్చింది. ఏడుంపావుకి ఎస్సై మధుబాబు ఎండుకొబ్బరి గోడౌన్ ముందు జీపు దిగాడు.

గోడౌన్‌ని ఆనుకుని చిన్న గది. నులకమంచం మీద వాచ్‌మన్ మత్తయి శవం. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మంచం పక్కన వాంతి. కోడు దగ్గర పురుగుమందు సీసా, సగం ఖాళీ. కుడిచేతికి నల్లటి కడియం. మూలన కడిగి బోర్లించిన టిఫిన్ క్యారియర్.

గదిలో ఏదో వాసన. మధుబాబు ముక్కు చిట్లించాడు.

"రాత్రి ఎండుచేపల కూర తెచ్చుకున్నాడండీ. గదంతా అదే కంపు," అన్నాడు గోడౌన్ యజమాని నాగదుర్గాప్రసాద్.

మధుబాబు తలూపాడు. పదింటికి దిండి ఊళ్లో వీఐపీ బందోబస్తు ఉంది. వాచీ చూసుకున్నాడు.

"ముందు చూసిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు గుమాస్తా బుల్లబ్బాయి. "ఆరున్నరకి తాళం తీద్దామని వచ్చేను. ఎంత పిలిచినా పలకలేదండీ. వెంటనే అయ్యగారికి ఫోన్ చేసేను."

అప్పటికి మత్తయి భార్య సత్తెమ్మ గుమ్మంలో కూలబడి ఉంది. చుట్టూ ఊరు ఊరంతా చేరింది.

"ఏమ్మా, ఇంట్లో గొడవలా?" అందరి ముందే అడిగేశాడు మధుబాబు.

"లేవండీ."

"మరి ఊరికే తాగుతాడా?"

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి.

ఎనిమిదిన్నరకల్లా మధుబాబు పంచనామా ముగించాడు. 'కుటుంబ కలహాల వల్ల పురుగుమందు సేవించి ఉండవచ్చు' అని రాయించాడు.

మధ్యాహ్నం పోస్టుమార్టం చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు.

"నోట్లో మందు వాసన పెద్దగా లేదండీ. విసెరా, కడుపులో భాగాలు, ల్యాబ్‌కి పంపుతున్నాను."

"వాంతి చేసుకున్నాడు కదండీ," అని ఫోన్ పెట్టేశాడు మధుబాబు.

*

గురువారం పదకొండు గంటలకి సత్తెమ్మ స్టేషన్‌కి వచ్చింది, భర్త వస్తువులు తీసుకెళ్లడానికి. సెల్‌ఫోన్, క్యారియర్, కడియం బల్ల మీద పెట్టించాడు మధుబాబు.

ఆమె కడియం చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది.

"ఇదేంటండీ ఇలాగుంది?"

"ఎలా ఉంది?"

"మా ఆయనది రాగి కడియమండీ. కీళ్లనొప్పులకని పెట్టుకున్నారు. శనివారమే చింతపండేసి తోమేను. తళతళలాడింది." లోపలివైపు వేలితో తడిమింది. "నొక్కు ఇదే. కడియం ఆయనదేనండీ. కానీ ఐదు రోజుల్లో ఇంత నలుపెక్కుద్దాండీ?"

మధుబాబు కడియం అందుకున్నాడు. మసి పూసినట్టుంది. గోటితో గీకితే అడుగున ఎరుపు కనిపించింది.

"ఆ రాత్రి క్యారియర్లో ఎండుచేపల కూర పెట్టేరా?"

సత్తెమ్మ తలెత్తి వింతగా చూసింది.

"ఎండుచేపలేంటండీ? ఈస్టర్ ముందు లెంటు రోజులు కదా. నలభై రోజులూ మా ఇంట్లో నీచు ముట్టమండీ. దోసకాయ పప్పు పంపేను."

మధుబాబు కడియం బల్ల మీద పెట్టేశాడు. అతనూ చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టినవాడే. ఈస్టర్ దాకా వాళ్లమ్మ వంటింట్లోకి చేపని రానివ్వదు. మత్తయి కూడా తన చర్చికే వస్తాడని ఆదివారాలు చూసి తెలుసు. అయినా సోమవారం ఎండుచేపల మాట చెవినబడితే తలూపి ఊరుకున్నాడు. వాచీ చూసుకున్నాడు.

"కూర్చోండి సత్తెమ్మగారూ," అన్నాడు. ఆమెని గారూ అనడం అదే మొదటిసారి.

మధుబాబు పిలిపిస్తే పన్నెండింటికి వ్యవసాయ అధికారి భవానీదేవి వచ్చింది. మండలంలో పురుగుమందుల షాపుల తనిఖీ ఆవిడదే. కడియం కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది.

"గదిలో వాసన ఎలా ఉందండీ?"

"కుళ్లిన చేపలా. కొంచెం వెల్లుల్లిలా కూడా."

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఫాస్ఫీన్ గ్యాసండీ. సరుక్కి పురుగు పడితే బస్తాల మధ్య బిళ్లలు పెడతారు. గాలిలో తేమ తగిలితే గ్యాస్ విడుస్తాయి. అది రాగిని నల్లగా చేస్తుంది. మనిషికి తగిలితే ప్రాణం పోతుంది. లైసెన్సున్న ఆపరేటరే పెట్టాలి. గోడౌన్ సీల్ చేసి, హెచ్చరిక బోర్డు కట్టి, పక్కన మనుషుల్ని ఖాళీ చేయించాకే."

*

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు. గోడౌన్‌లో నలుగురిని నిలబెట్టాడు మధుబాబు. నాగదుర్గాప్రసాద్, బుల్లబ్బాయి, పురుగుమందుల డీలర్ కనకరాజు, భవానీదేవి. గుమ్మం బయట సత్తెమ్మ.

స్విచ్‌బోర్డు విప్పి చూపించాడు. లోపల రాగి తీగలు నల్లగా ఉన్నాయి. మత్తయి గదికీ గోడౌన్‌కీ మధ్య గోడ కప్పు దాకా లేదు. పైన జానెడు సందు.

"బుల్లబ్బాయ్, మీ అయ్యగారికి ఫోన్ ఎప్పుడు చేశావు?"

"ఆరున్నరకండీ."

"కాల్ లిస్టులో ఐదు ముప్ఫై నాలుగు అని ఉంది. మాకు చెప్పింది ఆరు నలభై ఐదుకి. ఆ గంటా పదకొండు నిమిషాలూ ఏం చేశారు?"

బుల్లబ్బాయి యజమాని వైపు చూశాడు.

"ఆ బిళ్లలు మా షాపులో ఉండవండీ," అన్నాడు కనకరాజు అడక్కుండానే. "స్టాక్ రిజిస్టర్ చూసుకోండి."

"రిజిస్టర్లో లేవు. మీ వెనకగదిలో నిన్న పది డబ్బాలు దొరికేయి," అంది భవానీదేవి. ఆవిడ గొంతు తగ్గింది. "జనవరిలో ఆ షాపు తనిఖీ చేసింది నేనే, ఎస్సైగారూ. వెనకగది తాళంచెవి లేదన్నారు. సరేనని సంతకం పెట్టేసేను."

నాగదుర్గాప్రసాద్ విసుగ్గా చేతులు కట్టుకున్నాడు.

"బిళ్లలు పెట్టించేననే అనుకోండి. అతను మందు తాగలేదని రుజువేంటండీ?"

"సీసా మూత బిగించి ఉంది. సోమవారం తీసిన ఫోటోలోనే ఉంది. ప్రాణం పోతున్నవాడు మూత బిగించి పెడతాడా? దాని బ్యాచ్ నంబరు కనకరాజు మీ కొబ్బరితోటకి ఇచ్చిన సీసాది."

"ఎవరైనా తెచ్చుండొచ్చు కదండీ?"

"ఇంకోటుంది. వాసనేమిటని నేను మిమ్మల్ని అడగలేదు. ముక్కు చిట్లించానంతే. మీరు వెంటనే ఎండుచేపలన్నారు. ఆ ఇంట్లో నెల్రోజులుగా చేప లేదు. అది గ్యాస్ వాసనని మీకు తెలుసు. అందుకే దానికి ఇంకో పేరు పెట్టారు." ఒక్క క్షణం ఆగాడు. "నేనూ ఆ పేరే నమ్మాను."

బుల్లబ్బాయి బస్తాల పక్కన చతికిలబడి ఏడ్చేశాడు.

"ఆదివారం సాయంత్రం బిళ్లలు నేనే పెట్టేనండీ. శనివారం లారీ వస్తుంది, పురుగు కనపడితే సరుకు తిప్పేస్తారని అయ్యగారన్నారు. లైసెన్సోళ్లని పిలిస్తే వారం మూసేయాలంటారని అయ్యగారు ఒప్పుకోలేదు. మత్తయికి ఓ మాట చెబుతానన్నానండీ. చెబితే ఇంటికెళ్లి పడుకుంటాడు, కాపలా ఎవరుంటారన్నారు. తెల్లారి వచ్చి చూస్తే ఇలా అయిపోయింది. తలుపులు తీసి, ఫ్యాన్లు పెట్టి, బిళ్లల బూడిద నేనే ఎత్తేను. సీసా ఆయన తెచ్చేరండీ."

ఐదూ పదికి ముగ్గురినీ జీపెక్కించారు.

*

ఆదివారం తొమ్మిదిన్నరకి ఆరాధన ముగిసింది. పాస్టర్‌గారి అనుమతి తీసుకుని మధుబాబు లేచి నిలబడ్డాడు. యూనిఫాంలోనే వచ్చాడు. సోమవారం గోడౌన్ దగ్గర గుమిగూడినవాళ్లు సగంమంది అక్కడే ఉన్నారు.

"మత్తయిగారు ప్రాణం తీసుకోలేదు. ఇంట్లో గొడవలేమీ లేవు. ఆ మాట నేను రాయించింది, తప్పు. డీఎస్పీగారికి రాసిచ్చాను. మీ అందరి ముందూ అన్నాను కాబట్టి మీ ముందే చెబుతున్నాను. సత్తెమ్మగారూ, నన్ను క్షమించండి."

సత్తెమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచి బయటికి నడిచింది. మధుబాబు వెనకే వెళ్లాడు. చెప్పులు తొడుక్కుంటూ ఆమె ఆగింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"జనం అన్నదానికి కాదండీ నా బాధ. మీరు చెప్పేక నేనూ నమ్మేసేను. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా, నన్నిలా నలుగుర్లో నిలబెట్టి పోయేవేమిటని నాలుగు రోజులు ఆయన్ని తిట్టేనండీ. శవపెట్టెలో ఉండగా కూడా తిట్టేను. మీ కాయితం మీరు మార్చుకున్నారు. నా తిట్లు నేనెలా వెనక్కి తీసుకోనండీ?"

మధుబాబు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. జవాబు కోసం ఆమె కాసేపు నిజంగానే ఎదురుచూసింది. తర్వాత సమాధుల వైపు వెళ్లిపోయింది.