ఓటీపీ చెప్పని అమ్మాయి

ఆ రోజు మార్చి పదకొండు. మధ్యాహ్నం వాళ్ళింట్లో తిన్నవి ఉడికిన గుడ్లు, కాస్త మాడిన రొట్టె. వండింది నాన్న. కూతురు మేడమీద నీళ్ళ ట్యాంకు నిచ్చెనెక్కి, ఫోను ఆకాశానికి చూపిస్తూ నిలబడింది. డాక్టర్లు మాట్లాడి పంపిన ఆడియో విని, టైపు చేసి పంపడం ఆమె ఉద్యోగం. ఆడియో దిగాలంటే ఆమె ఎక్కాలి. నెలాఖరులోగా ఇంట్లోకి బ్రాడ్‌బ్యాండ్ రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామన్నారు.

గేటు దగ్గర బైకు ఆగింది. కంపెనీ చొక్కా, భుజాన కేబుల్ చుట్ట.

"మేడమ్, మీ కంప్లయింటు పరిష్కారమైంది. ఓటీపీ చెప్తే క్లోజ్ చేసేస్తాను."

"ఎక్కడ పరిష్కారమైంది?"

"సిస్టమ్‌లో."

"అయితే ఓటీపీ కూడా సిస్టమ్‌నే అడగండి."

టెక్నీషియన్ నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. ఆమె చూడనట్టు చూసింది.

కంపెనీ దృష్టిలో ఆ ఊరికి ఇంటర్నెట్ ఎప్పుడో వచ్చేసింది. ఊరి మొదట్లో ఇనప పెట్టె నిలబెట్టారు. రిబ్బను కట్టి, కత్తిరించి, ఫొటో దిగారు. పెట్టెలో పచ్చ లైటు వెలుగుతోంది కనుక ఊరంతా వెలిగినట్టే. పెట్టెలోంచి వీధిలోకి వైరు లాగడం వేరే విభాగం పని. ఆ విభాగాన్ని ఇంకా పెట్టలేదు. నెట్ లేదని చెప్పుకోవాలన్నా నెట్‌లోనే చెప్పుకోవాలి. ఆ ఫిర్యాదు మూయడానికి మాత్రం మనిషిని బైకు మీద పంపుతారు. మూసింది మళ్ళీ తెరుచుకోదు. కొత్తది రాసి వరుస చివర నిలబడాల్సిందే.

వారం తిరక్కుండా అతను మళ్ళీ వచ్చాడు.

"మళ్ళీ పరిష్కారమైందా?"

"ఈసారి ఇంకా బాగా అయిందట."

"మీ మేనేజరు ఈ ఊరు ఎప్పుడైనా చూశాడా?"

"మ్యాపులో చూశాడండీ. చాలా బాగుందన్నాడు."

లోపల్నుంచి నాన్న కేకేశాడు. "బాబూ, లోపలికొచ్చి మంచినీళ్ళు తాగు. తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందురు గాని."

మర్నాడు ట్యాంకు ఎక్కుతూ ఆమె ఆగిపోయింది. ఊగిపోతుండే నిచ్చెన మెట్టును ఎవరో కేబుల్ ముక్కతో గట్టిగా బిగించి కట్టారు. చెప్పనైనా చెప్పలేదు, పెద్దమనిషి!

నెల చివర్లో, జోరు వానలో, మూడోసారి వచ్చాడు. ఈసారి జోకుల్లేవు.

"ఇవాళ క్లోజ్ కాకపోతే నన్ను వేరే ఏరియాకి వేసేస్తారటండీ. మీరు చెప్పకపోయినా తప్పులేదు. ఊరికే చెబుతున్నా."

ఆమె వానలోనే మేడెక్కింది. సిగ్నల్ అందుకుని, ముద్దగా తడిసి దిగివచ్చి, నంబరు గబగబా చదివేసింది.

అతను ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏం, మళ్ళీ చదవాలా?"

"వైరు లాగకుండా ఇది నొక్కితే, రేపు ఏ మొహం పెట్టుకుని ఈ గేటు దగ్గరికొస్తాను?"

"రేపు రావాలనుందా?"

"రోజూ."

వాన కాసేపు ఆ ఇద్దరి తరఫునా మాట్లాడింది. ఓటీపీ గడువు దాటిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

వాన వెలిశాక అతను చుట్ట విప్పాడు. స్తంభం వేయడానికి కంపెనీ అనుమతి లేదు. పక్కింటి పెద్దమ్మ మేడమీదుగా లాగాలి.

"నా ఇంటి మీదుగానా? అందులోంచి ఏవేవో బొమ్మలు పోతాయటగా!"

"డాక్టర్ల మాటలే పోతాయి పెద్దమ్మగారూ."

"అయితే నా నడుంనొప్పికేం చేయాలో కనుక్కో." పెద్దమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "తడిసి ముద్దయ్యావు. ఇదంతా కంపెనీ కోసమని నాకు చెప్పకు. లాక్కో, పో."

చీకటి పడేలోగా ఇంట్లో నెట్ వచ్చింది. మొదటి ఆడియో రెప్పపాటులో దిగింది. ఆమె కుర్చీలో కూర్చుని, నేల మీద కాళ్ళు పెట్టుకుని, టైపు చేసి పంపింది. ఉద్యోగం నిలిచింది.

కంపెనీ ఆ వైరును ఫొటో తీసి తన ఘనకార్యాల్లో వేసుకుంది. వైరు లాగినవాణ్ణి మాత్రం, ఆలస్యం చేశాడని పక్క ఏరియాకు మార్చింది. కంపెనీకి తెలిసిన న్యాయం అంతే.

ఆ ఆదివారం సాయంత్రం అతను మామూలు చొక్కాలో వచ్చాడు.

"ఈ ఏరియా మీది కాదుగా?" అందామె.

"కాదండీ. మనిషిని మాత్రం ఇక్కడివాణ్ణే."

"ఆ 'అండీ' ఎందుకింకా?"

"అలవాటు పోవాలంటే టైం పడుతుంది."

"ఎంత?"

"పెళ్ళయ్యేదాకా."

ఆమె నవ్వాపుకోబోయి దగ్గింది. తలుపు దగ్గర నిలబడ్డ నాన్న ఆ మాట విన్నాడు.

"ముందు మీవాళ్ళకి చెప్పు బాబూ," అన్నాడు. "నాకైతే ఎప్పుడో తెలుసు."

ఇద్దరూ మెట్ల మీద తలలు వంచుకుని కూర్చున్నారు. వెళ్ళమని అతనితో ఎవరూ అనలేదు. కాసేపటికి మాటలు మళ్ళీ మొదలయ్యాయి. నాన్న తన గదిలోకి వెళ్ళి, ఆ మాటలు తెగిపోకుండా, గడియ చప్పుడు కాకుండా, తలుపు మెల్లగా దగ్గరికి వేసి పడుకున్నాడు.