గోవిందప్ప ఇంట్లో లేడు

మునికృష్ణ మూడోసారి వచ్చినప్పుడు కూడా గోవిందప్ప ఇంట్లో లేడు. మొదటిసారి కొండకు పోయాడన్నారు. రెండోసారి ఎద్దుల బేరానికి బైరెడ్డిపల్లె పోయాడన్నారు. ఈసారి ఎక్కడికి పంపిస్తారో చూద్దామని మునికృష్ణ సైకిలు గోడకానించి నిలబడ్డాడు.

మూడుసార్లూ ఆ మాట చెప్పింది గోవిందప్ప కూతురు సుభద్రే. గడపకు అడ్డంగా కూర్చుని, రాగులు చెరుగుతూ, తలెత్తకుండా చెప్పింది.

"మా నాయన లేడు. కుప్పం పొయ్యినాడు."

"కుప్పం మా ఊరే. ఆడ ఎవరింటికి పొయ్యినాడమ్మా?"

చేట ఆగింది. ఆ ప్రశ్న వస్తుందని సుభద్ర అనుకోలేదు. అంతలో ఇంట్లో ఉన్న గాదెలోంచి పెద్ద తుమ్ము వినిపించింది.

"పిల్లి," అంది సుభద్ర.

మునికృష్ణ నవ్వాపుకున్నాడు. అతను మదనపల్లె కోర్టులో సమన్లు పంచే జవాను. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయినా, పుంగనూరు చుట్టుపక్కల ఏ పల్లెలోనూ లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. ఖాకీ చొక్కా కనబడితే చాలు, మగవాళ్ళు చేలల్లోకి, ఆడవాళ్ళు ఇళ్ళల్లోకి మాయమవుతారు. అది అతనికి అలవాటే. ముఖం ఏమాత్రం మారకుండా ఇంత చక్కగా అబద్ధమాడే పిల్లను చూడటం మాత్రం కొత్త.

ఎందుకీ దాగుడుమూతలని అడిగితే సుభద్ర ఉన్న సంగతి చెప్పేసింది. కోర్టు కాగితం ముట్టుకుంటేనే కేసు మనదవుతుందట, ముట్టకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరట. వాళ్ళ జేజి, గోవిందప్ప తల్లి, చెప్పింది. ఊరంతా అదే నమ్మకం.

ఆ నమ్మకంతోనే పోయిన ఏడాది పక్క పల్లెలో రెండు కుటుంబాలు పొలాలు పోగొట్టుకోవడం మునికృష్ణ కళ్ళారా చూశాడు. కాగితం తలుపుకు అంటించి పోతే అతని పని అయిపోతుంది. అయినా ఆ రోజు పోబుద్ధి కాలేదు.

"ఇది తలుపుకు అంటిస్తే మీ నాయన చేతికిచ్చినట్టే లెక్క. ఇరవయ్యో తేదీ కోర్టులో మూడుసార్లు పేరు పిలుస్తారు. పలక్కపోతే వెంకటరమణప్ప చెప్పిందే విని తీర్పు రాస్తారు. బాయి పోతాది."

పక్క చేను వెంకటరమణప్ప ఆ బావి తనదేనని దావా వేశాడు. వీళ్ళ నాలుగెకరాలు తడిసేది ఆ ఒక్క బావితోనే.

"నీ మాట యాల నమ్మాల? నువ్వు ఆయప్ప తరఫు మనిషివేమో."

"నమ్మొద్దు. చదువొస్తే నువ్వే చదువుకో."

సుభద్ర నాలుగో తరగతి దాకా చదివింది. మునికృష్ణ సమన్లు విప్పి ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె కాగితానికి తగలకుండా చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. చదివేకొద్దీ ఆమె ముఖంలో బెట్టు పోయి భయం వచ్చింది. పాత కాగితాలేవైనా ఉంటే వెతకమనీ, కోర్టు ఎదురుగా ఉండే ప్లీడరు ఈశ్వరప్ప లేనివాళ్ళని తిప్పి పంపడనీ మునికృష్ణ చెప్పాడు. తర్వాత తలుపుకు సమన్లు అంటించి, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు తీసుకుని బయలుదేరాడు. సైకిలు పుంగనూరు రోడ్డెక్కింది కానీ మనసు ఆ గడప దగ్గరే ఉండిపోయింది.

ఇరవయ్యో తేదీ పొద్దున్నుంచీ ఒకటే వాన. బొగ్గుతో నడిచే పుంగనూరు బస్సు రాలేదన్నారు. మునికృష్ణ ఏ పనీ లేకపోయినా కోర్టు వరండా వదల్లేదు. పదకొండు గంటలప్పుడు తడిసి ముద్దయిన సుభద్ర రేకు పెట్టె గుండెలకు హత్తుకుని మెట్లెక్కింది. వెనక గోవిందప్ప. తెల్లవారకముందే బండి కట్టుకుని వచ్చారట.

మాట్లాడుకునే వ్యవధి లేదు. లోపలినుంచి గోవిందప్ప పేరు పిలిచారు. అది వినగానే గోవిందప్ప చటుక్కున స్తంభం చాటుకు తప్పుకున్నాడు. ఇన్నాళ్ళ భయం ఒక్క రోజులో పోదు కదా. రెండోసారి పిలిచారు. పలకొద్దని ఆయన కూతురికి సైగ చేశాడు. మూడోసారి పిలిచారు. సుభద్ర మునికృష్ణ వైపు ఒక్కసారి చూసింది.

"ఉండాడు," అంది, కోర్టంతా వినబడేటట్టు. "మా నాయన ఈడే ఉండాడు."

మునికృష్ణకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

రేకు పెట్టెలో సుభద్ర తాతగారి కాలం నాటి పంపకాల దస్తావేజు ఉంది. అందులో బావి గోవిందప్ప వాటాకే రాసి ఉంది. పెట్టె దొరికింది గాదె అడుగున. గోవిందప్ప మూడుసార్లు దాక్కున్నదీ ఆ పెట్టె మీదే. ఈశ్వరప్ప దస్తావేజు దాఖలు చేశాడు. నాలుగు వాయిదాల తర్వాత బావి గోవిందప్పకే నిలిచింది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా సుభద్ర దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆదివారాలు మునికృష్ణ ఖాకీ చొక్కా విప్పేసి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆమె చదివేది, ఏ తేదీకి ఎక్కడికి పోవాలో అతను చెప్పేవాడు. తెలియనిది ప్లీడరునడగమనేవాడు. మధ్యలో చల్ల చెంబు వచ్చేది. చెంబు అందుకునేటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి పడే పాట్లు ఊరంతా చూసేది.

ఉన్నట్టుండి రెండు ఆదివారాలు అతను రాలేదు, కబురూ లేదు. సుభద్ర చెంబు కడిగి బోర్లించింది. మూడో ఆదివారం సైకిలు గంట వినబడింది. ఈసారి గడపకు అడ్డంగా గోవిందప్ప నిలబడ్డాడు.

"సుభద్ర లేదప్పా. బైరెడ్డిపల్లె పొయ్యింది."

గాదెలో గాజులు గలగలమన్నాయి. ఆ మాట నేర్పిందెవరో మునికృష్ణకు అర్థమైంది.

"రెండు ఆదివారాలూ కుప్పం పొయ్యినాను. మా అమ్మ కాగితం పంపింది. మనిషి లేకపోతే తలుపుకు అంటించి పోతా."

సుభద్ర బయటికి వచ్చింది, తలనిండా రాగి పొట్టుతో. కాగితం అందుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, అతను పట్టుకుంటే చదివింది. మీ అమ్మాయిని మా వాడికివ్వమని నాలుగు వరుసలు, కింద ఒక వేలిముద్ర.

"చదివి వినిపించినాకనే మీయమ్మతో ఏలిముద్ర ఏయించినావా?"

"రెండుసార్లు వినిపించినా. మూడోసారి ఆమే నాకు ఒప్పజెప్పింది." అంతవరకూ నవ్వుతున్న మునికృష్ణ నవ్వు ఆపాడు. "నువ్వు లేకుండా నాకు బాగాలేదు సుభద్రా. ముట్టుకుంటే నీదయిపోతాది. ఆలోచించుకో."

సుభద్ర వెనకనున్న చేతులు ముందుకు తెచ్చి, రెండు చేతులతో కాగితం తీసుకుంది.

గోవిందప్ప గడపలోంచి పక్కకు జరిగాడు.

"లోపలికి రాప్పా," అన్నాడు.