ఎడమ చేతి మీట

పొద్దున్నే ఖమీసా రొట్టెలు కాల్చి, పెద్ద పళ్ళెంలో ఆలివ్ నూనె పోసి చాప మీద పెట్టింది. భార్య రెండుసార్లు పిలిచినా హమ్మూదా కదల్లేదు.

"మీరు తినండి. నాకు ఆకలిగా లేదు," అని గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆకలి లేకేం, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. కానీ రెండు నెలల నుంచి ఆయన కుడి చేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. రొట్టె తుంచబోతే జారిపోతోంది. నలుగురిలో ఎడమ చేత్తో తింటే తమ అజీమ్ ఊరి రేవంతా నవ్విపోతుంది. అందుకని అందరూ లేచాక, వలల కొట్టు చాటున దొంగలా తినేవాడు. చేతి సంగతి బయటపడితే పడవ దిగమంటారని భయం. నలభై ఏళ్ళుగా ఆక్టోపస్‌లు వచ్చి దూరే మట్టి ముంతల తాడు లాగిన మనిషి, ఒడ్డున కూర్చుని ఈగలు తోలుకోవాలా?

ఆ భయంతోనే కూతురి మీద కన్నేసి ఉంచాడు. సాల్హా మూడేళ్ళుగా తండ్రితో వేటకొస్తోంది. ఈమధ్య తాడు లాగడానికి హైడ్రాలిక్ యంత్రం కొనాలని పట్టుబట్టింది. సరేనన్నాడు. తీరా చూస్తే పెద్దది కాదని, మెల్లగా తిరిగే చిన్నది ఎంచుకొచ్చింది.

"పక్క పడవవాళ్ళది చిటికెలో లాగేస్తుంది కదా. మనకీ నత్త దేనికే?" అన్నాడప్పుడు.

"వాళ్ళవి ఇనప బోనులు బాబా. మనవి మట్టి ముంతలు. ఆ జోరుకి పడవ అంచుకి తగిలి పెంకులైపోతాయి. పైగా అంత పంపుని మన ఇంజను మోయలేదు."

మాట సబబుగానే ఉంది. అంత సబబుగా ఉండటమే ఆయనకి మింగుడు పడలేదు.

ఇవాళ రేవుకెళ్ళేసరికి పడవలో అన్న కొడుకు బెల్గాసెమ్ ఉన్నాడు. నలభై దాటినవాడు, సొంత పడవ అమ్ముకుని పని కోసం తిరుగుతున్నాడు. ఇంజనుకి బెల్టు, పంపు, నూనె గొట్టాలు అన్నీ బిగించేశారు. తాడు లాగే చక్రాన్ని పడవకి కుడి పక్కన కాక, ఎడమ పక్కన నిలబెట్టారు. దాన్ని నడిపే మీట కూడా ఎడమ చేతికి అందేట్టే ఉంది. బెల్గాసెమ్ దాన్ని ఎడమ చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు. వాడిది పుట్టుకతో ఎడమచేతివాటం.

హమ్మూదాకి మొత్తం అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాడు.

"ఓహో, వీడికి కొలతలు తీసి మరీ కుట్టించావన్నమాట," అన్నాడు కూతురితో.

"ఏంటి బాబా?"

"నీదీ నాదీ కుడిచేతివాటమే. మరి ఆ మీట ఎవరి కోసం? నన్ను దింపేసి వీణ్ణి ఎక్కించుకోవాలనుంటే మొహం మీదే చెప్పు. చాటుమాటు వ్యవహారాలెందుకు?"

"చిన్నాన్నా, నేను..." అన్నాడు బెల్గాసెమ్.

"నువ్వు నోర్మూసుకో. ఉన్నది అమ్ముకున్నావు, ఇప్పుడు నా పడవ మీద పడ్డావు."

సాల్హా చేతిలో రెంచి కింద పెట్టింది. ఆమె మొహం కందిపోయింది. "చాటుమాటు ఎవరిది బాబా? వలల కొట్టు వెనక నక్కి తినేదెవరు?"

హమ్మూదా కుడి చెయ్యి దానంతటదే జేబులో దూరింది.

"నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. రెండు నెలలుగా బరువంతా ఎడమ చేతి మీదే వేసి లాగుతున్నావ్. ఆ మీట నీ కోసం. అందుతుందో లేదో చూడ్డానికి ఎడమచేతివాటం మనిషి కావాలి కదా, అందుకని అన్నని బతిమాలి తెచ్చాను."

"నన్నే అడగొచ్చుగా," అన్నాడు.

"అడిగితే పౌరుషానికి పడవ దిగిపోతావు. నీ సంగతి నాకు తెలీదా? నీళ్ళ రంగు చూసి ముంతలెక్కడ వెయ్యాలో చెప్పేది నువ్వు. నువ్వు రాకపోతే ఇంత సముద్రంలో నేనొక్కదాన్ని ఏం చెయ్యను?" అంటూనే సాల్హా ఏడ్చేసింది.

కన్నకూతురినే అనుమానించినందుకు ఆయనకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. మెల్లగా పడవలోకి దిగి, ఎడమ చేత్తో మీట ముందుకు తోశాడు. చక్రం తిరిగింది. తాడు ఎక్కడా గుంజకుండా వచ్చింది. ఆపి, దాన్ని ఎడమ చేత్తో చుట్టబోతే చిక్కుముడులు పడింది. కళ్ళలో నీళ్ళు నిండి తాడే కనబడలేదు.

"నోరు జారానురా బెల్గాసెమ్," అన్నాడు తల ఎత్తకుండా. "ఎడమ చేత్తో చుట్టడం నాకు చేతకావట్లేదు. నేర్పిస్తావా?"

బెల్గాసెమ్ వచ్చి ఆయన పక్కనే కూర్చుని, చిక్కు విప్పడం మొదలుపెట్టాడు.

"ముందా ఎడమ చేతి వేళ్ళు వదులు చెయ్యి చిన్నాన్నా," అన్నాడు.