ముత్తి తల్లిని పోల్చుకున్న వైనం

రత్నగిరి రాజ్యంలో తల్లులు మాయమైపోసాగారు. గండదంతుడనే రాక్షసుడు వాళ్ళను ఎత్తుకుపోయి కొండగుహలో బంధించాడు. చివరికి మహారాణినీ వదల్లేదు. మాయరూపాల మధ్య తన తల్లిని పోల్చుకున్నవారు అందరినీ విడిపించవచ్చు, పొరబడితే రాయైపోతారు. ఇదీ వాడి పందెం.

రాకుమారులు ముగ్గురూ మీసాలు దువ్వుకుంటూ వెళ్ళారు. దాదుల చేతుల్లో పెరిగిన ఘనులు కదా, నవ్వుతూ "నాయనా!" అన్న మాయరాణి కాళ్ళమీదే పడ్డారు. రాళ్ళయ్యారు. మునుపటికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదని ఊళ్ళో అనుకున్నారు.

తేనె తీసే ఈదమ్మ కూడా మాయమైంది. ఆమె కూతురు ముత్తి ఒంటరిగా బయలుదేరింది.

అడవిలో ఒక ముని ఎదురయ్యాడు. "రాకుమారులకు చెప్పిందే నీకూ చెబుతాను. ప్రేమగా పిలిచేదే తల్లి!"

"స్వామీ, తమకు పిల్లలున్నారా?"

"ఛీ! నేను బ్రహ్మచారిని."

"అదీ సంగతి," అని ముత్తి నడిచింది.

గుహద్వారం దగ్గర మాయపులి అడ్డుపడింది. "ఇంట్లో కుండ పగిలితే తల్లి ముందేం చూస్తుంది?"

"పిల్ల కాలు తెగిందేమోనని. తరవాత వీపు చూస్తుంది, కొట్టడానికి."

పులి పక్కకు తప్పుకుంది. "రాకుమారులు 'దాసీని పిలుస్తుంది' అన్నారు. అలాంటి వాళ్ళను తినడం కూడా దండగని లోపలికి పంపేశాను."

లోపల అంతా ఈదమ్మలే. ఒకామె చేతులు చాచింది. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె, "కాళ్ళు విరగ్గొడతా!" అని అరిచింది. మూలనున్న ఈదమ్మ మాత్రం పలకలేదు. ఒక్కసారి కనుబొమ్మ ఎగరేసి, ముత్తి ముందున్న బండకేసి చూసింది. ముత్తి ఎత్తిన అడుగు ఆపి, బండను చుట్టి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

మాయ ఈదమ్మలు పొగైపోయారు. గండదంతుడు గింజుకున్నాడు. "దాని నోరు మంత్రంతో కట్టేశానే! బండ కింద అగాధం కూడా తవ్వానే! ఎలా తెలిసింది?"

"తేనెపట్టు దగ్గర నోరు విప్పితే ఈగలు లేస్తాయిరా మొద్దూ! కొండమీద అమ్మ నాతో ఎప్పుడూ కళ్ళతోనే మాట్లాడుతుంది. నువ్వు నోరు కట్టేసి నాకు పని తేలిక చేశావు."

కోపంతో ఆ బండమీదే కాలేసి తన్నిన గండదంతుడు తాను తవ్విన అగాధంలోనే పడ్డాడు. తల్లులందరూ విడుదలయ్యారు. రాళ్ళు రాకుమారులై, మళ్ళీ మీసాలు దువ్వుకున్నారు.

రాజు సంతోషించి, "అమ్మాయీ, మా ముగ్గురు కొడుకుల్లో నచ్చినవాణ్ణి పెళ్ళాడు," అన్నాడు.

"కన్నతల్లినే పోల్చుకోలేనివాడు రేపు పెళ్ళాన్నేం పోల్చుకుంటాడు, ప్రభూ?"

అందరికన్నా ముందు మహారాణే పకపకా నవ్వింది. కొండసీమకు ముత్తినే ఏలికను చేసి, కొడుకులు ముగ్గురినీ చెవులు పట్టుకుని తన వెంట తీసుకుపోయింది.