నాలుగు గంటల వార్తలు

మధ్యాహ్నం రెండు దాటింది. చోడవరం పక్కన కొండ మీద, సిమెంటు రేకుల గదిలో, నవాజ్ పొద్దుట పీకి పెట్టిన వైరునే మళ్లీ పీకి మళ్లీ పెట్టేడు. బయట గాలి మొదలైంది. కింద చెరుకు తోటల మీంచి తడి వాసన వస్తోంది. గదిలో వేడెక్కిన బేటరీల పుల్లవాసన.

ఆ గదిలో ఉన్నది రిపీటరు. అంటే, దూరం నుంచి వచ్చే సన్నటి గొంతుని విని, ఆ క్షణంలోనే గట్టిగా తిరిగి చెప్పే పెట్టె. క్లాసులో వెనక బెంచీ పిల్ల గొణిగిన జవాబుని ముందు బెంచీ పిల్ల అందరికీ వినిపించేలా చెబుతుంది చూడండి, అలాగన్నమాట. లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునే నవాజ్ లాంటి హామ్‌లు దాన్ని అక్కడ పెట్టుకున్నారు. మాడుగుల అవతలి కొండల్లో సెల్‌ఫోన్లు పోయిన రోజున ఆ పెట్టే దిక్కు.

నవాజ్ భార్య సుహానా ఆ కొండల్లోనే నర్సు.

మూడు రోజులుగా ఆ పెట్టెలోకి ఎఫ్.ఎం. స్టేషను పాటలు వచ్చి పడుతున్నాయి. నిన్న సుహానా పురుటి మనిషికి జీపు పంపమని ఊరి పేరు చెబుతుంటే, సరిగ్గా ఆ పేరు మీదే పాట పడింది. జీపు వేరే ఊరు వెళ్లింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఈ సాయంత్రం తుఫాను. అక్కడ ఫోన్లు పొద్దున్నే పోయేయి.

"ఏంటెన్నా తీసి సూసేవా?" అన్నాడు పరదేశి. చక్కెర మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యేడు. ఈ రిపీటరు పెట్టింది ఆయనే.

"తీస్తే ఆగిపోతంది, పెడితే వస్తంది. ఫిల్టరు మార్చేను. ఎర్తింగు సూసేను. ఇంక నా బుర్రొక్కటే విప్పలేదు బాబాయ్."

"అదీ విప్పు. లోపల పాటలేవైనా ఉన్నాయేటో."

నవాజ్ నవ్వలేదు. చూడాల్సినవి ఇంక రెండే మిగిలేయి. ఒకటి, ఎఫ్.ఎం. వాళ్లని ఐదు నిమిషాలు ఆపమనడం. రెండోది, అరవై అడుగుల టవరు చివర తుప్పు పట్టిన ఒక బోల్టు. రెండు ఇనప ముక్కల మధ్య తుప్పు చేరితే, అదే దొంగదారై ఒక స్టేషను మాటని ఇంకో స్టేషనులోకి దాటించేస్తుంది.

నవాజ్ ఫోనులో బతిమాలితే, మూడూ నలభైకి ఎఫ్.ఎం. ఇంజనీరు గౌరీశంకర్ స్టేషను ఆపేడు. కిటికీలో ఉన్న పాకెట్ రేడియోలో ఉత్త గాలి చప్పుడే మిగిలింది.

రిపీటరులో మాత్రం పాట ఆగలేదు.

నవాజ్ ఫోను అందుకున్నాడు. "సార్, నిజంగా ఆపేరా?"

"మీటరు సున్నా మీద ఉందయ్యా. మా అనౌన్సరు నా ఎదురుగా టీ తాగుతోంది."

రిపీటరులో పాట అయిపోయింది. ఆ అనౌన్సరు గొంతే పలికింది. "సమయం నాలుగు గంటలు. వార్తలు."

నవాజ్ వాచీ చూసుకున్నాడు. మూడూ నలభై రెండు.

"...చోడవరం సమీపంలోని కొండపై రేడియో టవరు నుంచి జారిపడి ఒకరు మరణించారు. మృతుడి పేరు..."

గరగర. మళ్లీ పాట.

పరదేశి సంచీ భుజాన వేసుకున్నాడు.

"దిగిపోదాం బాబూ," అన్నాడు.

"నాలుగు దాటేక ఎక్కుతాను. అప్పటిదాకా..."

పాట అడుగున సుహానా గొంతు. తెగిపోతూ. "...రక్తం ఆగట్లేదు... జీపు... ఊరు..." పేరు వినపడలేదు.

నవాజ్ లేచి నడుముకి బెల్టు కట్టుకున్నాడు.

"స్టేషనే ఆగిపోయాక ఆ బోల్టు ఏటి సేస్తాదిరా?"

"తెలీదు. సెయ్యడానికి ఇంకేటీ మిగల్లేదు బాబాయ్."

గదిలో స్పానరు ఒక్కటే ఉంది. అది చేతబట్టుకుని బయటికొచ్చేడు. టవరు సగం దాకా మబ్బు దిగింది. గాలికి ఇనుము సన్నగా మూలుగుతోంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టేడు.

పైన... టక్.

ఆగేడు.

టక్... టక్... కిర్రు. బోల్టు బిగిస్తున్న చప్పుడు. తనకి బాగా తెలిసిన చప్పుడు.

చేతిలోకి చూసుకున్నాడు. స్పానరు చేతిలోనే ఉంది. గది గుమ్మంలో పరదేశి నిలబడి, నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు.

రిపీటరులో పాట ఆగిపోయింది.

సుహానా గొంతు, పక్కన కూర్చుని చెప్పినట్టు, ఊరి పేరు చెప్పింది. రెండుసార్లు. పరదేశి జీపు సత్తిబాబుకి ఫోను చేసేడు. అతను బయల్దేరేడు.

నాలుగయింది. పాకెట్ రేడియో మళ్లీ పలుకుతోంది. వార్తలు చదివేరు. తుఫాను సంగతి, రోడ్ల సంగతి. టవరు సంగతి లేదు. పరదేశి చివరిదాకా విని, గోడకి చేరబడి కళ్లు మూసుకున్నాడు.

"వింటన్నారా?" సుహానా. "అన్నట్టు, టవరు పైనున్న ఆయన్ని జాగ్రత్తగా దిగమనండి."

నవాజ్ మైకు నొక్కేడు. "ఎవర్ని?"

"అదే, బోల్టు బిగిస్తన్నాను, ఒక్క నిమిషం ఓపిక పట్టమ్మా అన్నాడు కదా. పేరు కూడా సెప్పేడు. పాట పడి వినపళ్లేదు."

బయట, మబ్బులో, నిచ్చెన పై మెట్టు కిర్రుమంది.

తర్వాత, దాని కింది మెట్టు...