చిమ్నీ వెనక ఎడమకాలి బూటు

నార్తాంప్టన్‌లో మూతపడ్డ బూట్ల ఫ్యాక్టరీ వెనక ఒక వీధి ఉంది. గోడకు గోడ ఆనుకుని ఇరవై రెండు ఇళ్లు. ఇరవై ఒక్క అటకలు ఎప్పుడో పడగ్గదులైపోయాయి. పంతొమ్మిదో నంబరు ఇంటి అటక మాత్రం కాలేదు.

ప్రయత్నించలేదా అంటే, రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ పని, పొయ్యి పొగ పైకి పోయే చిమ్నీ దాకా వచ్చి ఆగిపోయింది. రెండో మేస్త్రీ అయితే పనిముట్ల పెట్టె కూడా వదిలేసి వెళ్లాడట. కూలి వదులుకున్న మేస్త్రీ ఉంటే ఉంటాడు గానీ, పనిముట్లు వదులుకున్న మేస్త్రీని ఎవరైనా చూశారా?

ఆ ఇంటావిడ ఫిలిప్పా ఈ కబుర్లు నమ్మలేదు. "ఈ దేశంలో దెయ్యాలు లేవు. పని సగంలో వదిలేసి ఇంకో ఇంటికి పోయే మేస్త్రీలున్నారు, అంతే," అనేది.

ఆవిడ అవసరం అలాంటిది. ఉన్నవి రెండు పడగ్గదులు. ఒకదాంట్లో కూతుళ్లిద్దరూ, పదకొండేళ్ల హారియెట్, ఆరేళ్ల ఈడీ, ఒకే మంచం మీద తన్నుకుంటున్నారు. ఫిబ్రవరిలో మూడో బిడ్డ. "ఉయ్యాల కూడా మా గదిలోనే పెడితే నేను బాత్‌టబ్‌లో పడుకుంటా," అని హారియెట్ దిండు తీసుకెళ్లి అందులో వేసి మరీ చూపించింది. మొగుడు రాత్రుళ్లు లారీ నడుపుతాడు, పగలు నిద్రపోతాడు. మేస్త్రీ మీద ఓ కన్నేసి ఉంచాల్సింది ఫిలిప్పాయే.

మేస్త్రీ డెస్‌కి అరవై దాటాయి. నవంబరులో ఒక మధ్యాహ్నం ఆయన నిచ్చెన మీంచి మెల్లిగా దిగాడు. అరచేతిలో... ఒక బూటు. చిన్నపిల్లలది. తోలు ఎండి, ముడుచుకుపోయి, మసి పట్టి ఉంది. ఎడమకాలిది.

"చిమ్నీ వెనక ఇటుకల సందులో ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "మళ్లీ అక్కడే పెట్టేస్తాను, తల్లీ."

"ఎందుకు?"

"వెనకటికి ఇల్లు కడితే, ఆ ఇంటి బిడ్డ తొడిగి విడిచిన బూటొకటి అక్కడ దాచేవాళ్లు. తలుపుకి గడియ ఉంటుంది. చిమ్నీకి ఉండదు కదా... అందులోంచి దిగి వచ్చేది బిడ్డ కోసమే వస్తుంది. బూటు దొరికితే, బిడ్డే దొరికిందనుకుని అక్కడే ఉండిపోతుంది."

ఫిలిప్పా ఆయన మొహంలోకి సూటిగా చూసింది. "ఇంకో ఇంటి పని ఒప్పుకున్నారా, డెస్?"

ఆయన మొహం చిన్నబోయింది. ఆవిడ పట్టించుకోలేదు. మర్నాడే ఆ బూటు తీసుకెళ్లి ఊళ్లో మ్యూజియంకి ఇచ్చేసింది. వాళ్లు మురిసిపోయి అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే మొదలైంది.

చలికాలం, నాలుగింటికే చీకటి. డెస్ వెళ్లిపోయాక, పైన — ఠక్. కాసేపు ఏమీ లేదు... మళ్లీ — ఠక్.

ఈడీ రొట్టెముక్క నోటి దగ్గరే ఆపింది. "అమ్మా... పైన ఎవరో కుంటుతున్నారు."

"గాలి. తిను."

"గాలికి ఒక్క బూటే ఉందా?" అంది ఈడీ.

మూడో సాయంత్రం ఫిలిప్పా ఆర్నెల్ల కడుపుతో నిచ్చెనెక్కింది. టార్చి వేసింది. వాసాలు... చెక్కపొట్టు... చిమ్నీ. ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఠక్.

వెనక్కి తిరిగింది. కిటికీ కోసం కప్పుకి కోసిన కన్నం మీద డెస్ పట్టా కప్పి తాడుతో కట్టాడు. తాడు చివర ఇనప కొక్కెం. గాలి వీచినప్పుడల్లా బయట పరంజాకి తగులుతోంది.

ఆవిడకి నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. ముడి చూస్తే, కావాలని వదులు చేసినట్టే ఉంది. బిగించి కట్టింది. చప్పుడు ఆగిపోయింది.

"మీ దెయ్యాన్ని కట్టేశాను," అంది మర్నాడు డెస్‌తో. "ఇక గోడలకి బోర్డులు బిగిస్తారా, లేక చిమ్నీలోంచి ఇంకెవరినైనా దింపుతారా?"

ఆ వారంలోనే ఈడీ స్కూలు బూట్లలో ఎడమది కనబడకుండా పోయింది.

ఫిలిప్పా నేరుగా పైకి వెళ్లింది. "మీరే తీశారా?"

"నేనే." ఆయన చేతిలో సుత్తి ఉంది. "చిమ్నీ వెనక పెట్టి బోర్డు బిగించేశాను. పిల్లకి కొత్త జత నేను కొనిస్తాను. తిట్టు, పడతాను. కానీ ఖాళీగా మాత్రం ఆ గోడ మూయలేను, తల్లీ."

తిట్టింది. కరువుతీరా తిట్టింది. అయినా బోర్డు ఊడదీయించలేదు — ఊడదీస్తే మరో వారం ఆలస్యం.

జనవరి ఆఖరికి గది తయారైంది. లేత పసుపు గోడలు, పడుకుంటే ఆకాశం కనబడే కిటికీ. హారియెట్ మంచం పైకి చేరింది. ఫిబ్రవరిలో బాబు పుట్టాడు. వీధిలో ఇప్పుడు ఇరవై రెండు అటకలూ పడగ్గదులే. ఫిలిప్పా గెలిచింది.

మార్చిలో ఒక రాత్రి హారియెట్ కళ్లు నులుముకుంటూ మెట్లు దిగి వచ్చింది.

"అమ్మా, దాని చెత్తంతా నా మంచం మీద పడేయొద్దని ఈడీకి చెప్పు."

చేతిలో ఒక బూటు. స్కూలుది. ఎడమకాలిది. లోపల ఈడీ పేరు, ఫిలిప్పా తన చేత్తో రాసిందే.

ఫిలిప్పా పైకి పరుగెత్తింది. చిమ్నీ ముందు గోడని అరచేత్తో తడిమింది. బోర్డు కదల్లేదు. రంగు చెదరలేదు. ఒక్క బీట కూడా లేదు.

ఇచ్చినదాన్ని ఆ చిమ్నీలోది తిప్పి పంపిందంటే... దానికి బదులు ఇంకేదో తీసుకుని ఉండాలి.

ఎలా దిగిందో తెలీదు, దిగింది. బాబు ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు. అమ్మమ్మ అల్లిన బుల్లి ఉన్ని బూట్లు పడుకోబెట్టేటప్పుడు తనే రెండు కాళ్లకీ తొడిగి, రిబ్బను ముడి వేసింది.

దుప్పటి ఎత్తింది.

కుడికాలికి ఉంది.

ఫోను చేసింది. డెస్ నిద్రగొంతుతో పలికాడు. ఆవిడ, "బాబు బూటు..." అని ఆగింది.

మిగతాది ఆయనే అడిగాడు — "ఏ కాలిది?"

"ఎడమ..."

"పాత బూటు ఎక్కడ?"

"మ్యూజియంలో... పొద్దున పదింటికి గానీ తలుపులు తీయరు."

"అయితే అందాకా," అన్నాడు గుసగుసగా, "బాబుని కింద పెట్టకు, తల్లీ."