పేరుపేరునా పిలిచాం

మధ్యాహ్నం పూట మా రైస్ మిల్లు ఆఫీసు గదిలో ఊక వాసన, కాఫీ వాసన కలిసి వస్తాయి. ఆ రోజు ముసురు కూడా తోడైంది. నిజాంపట్నం హార్బర్‌లో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేశారని, పడవలన్నీ ఒడ్డుకు చేరాయని కబురొచ్చింది. రేపల్లె అంతా తలుపులు వేసుకుని కూర్చుంది. నేను మాత్రం మూల బల్ల మీద గుయ్యిమంటున్న నల్లపెట్టెను చూసుకుని మురిసిపోతున్నాను. అది మా సొంత సర్వర్.

సొంతం ఎందుకంటే, పరాయి పంచన పడ్డ అవమానం చాలు కనుక. ఓ పెద్ద కంపెనీ యాప్‌లో ‘తీరం కబుర్లు’ అని గ్రూపు నడిపేదాన్ని. గాలి ఎటుంది, రొయ్య ధర ఎంత, కాలవకు నీళ్ళొచ్చాయా... ఇవే కబుర్లు. పోనుపోను దాన్ని బూతుల సంత చేశారు. అడవులదీవిలో ఉండే మస్తాన్‌రావు చేపల వేటకెళ్ళి తిరిగి రానప్పుడు అతని ఫొటో పెట్టి నాలుగు మంచి మాటలు రాశాను. ముక్కూ మొహం తెలియని వెధవలు కింద చేరి ‘తాగి దూకుంటాడు’ అని రాశారు. ఫిర్యాదు చేస్తే, అందులో తప్పేమీ లేదని కంపెనీ జవాబిచ్చింది. పైపెచ్చు, పోయిన మనిషి పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెప్పమని నాకే గుర్తు చేసింది! ఎవరో పుణ్యాత్ములు ఆ రాతలన్నీ అతని భార్య కోటమ్మకు చదివి వినిపించారు. ఆవిడ ఫోన్ చేసి ఏడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

తెనాలిలో ఉండే మా తమ్ముడు వినోద్ కుమార్ దారి చూపించాడు. మా మిల్లులో ఒక పెట్టె, వాడింట్లో ఒకటి, బాపట్లలో చలపతిరావు మాస్టారి దగ్గర ఒకటి. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకచోట రాసింది మూడుచోట్లా ఉంటుంది. కంపెనీ లేదు, యజమాని లేడు. పిలుపు అందినవాళ్ళు తప్ప లోపలికి ఎవరూ రాలేరు.

పిలుపంటే మన వాళ్ళకు పట్టింపు. ‘అందరూ రండి’ అని గోడమీద రాస్తే ఎవరూ కదలరు. ‘మమ్మల్ని పిలవలేదుగా’ అని మూతి ముడుచుకుంటారు. అందుకే పాత గ్రూపులోని పేర్లన్నీ తెచ్చి, పెళ్ళి పిలుపుల్లాగా పేరుపేరునా పంపాం. ‘ఫలానా గారికి, మన కొత్త ఇంటికి తమరు సకుటుంబంగా తరలి రావాలి. ఇట్లు, భువనేశ్వరి.’ పొద్దుటి నుంచీ ఒక్కొక్కరే వస్తున్నారు. అక్కలు, బాబాయిలు, బావగార్లు. ఒక్క బూతు లేదు. ప్రాణం హాయిగా ఉంది.

కాఫీ తాగుతుంటే తెర మీద ఇంకో పేరు పడింది.

మస్తాన్‌రావు గారు వచ్చారు.

పోయినవాళ్ళ పేర్లు తీసెయ్యాలన్న ఆలోచనే మాకు రాలేదు. అతని ఫోన్ కోటమ్మ వాడుతోందేమోనని ఆవిడకు ఫోన్ చేశాను.

“ఆ ఫోనా? అది ఆయనతోనే పోయిందమ్మా. నాది బటన్ల ఫోను” అంది. ఎందుకని అడిగితే ఏదో చెప్పి పెట్టేశాను.

ఎవడో పాత వెధవే దొంగపేరుతో దూరాడనుకున్నాను. ఇంతలో రాత పడింది.

‘పిలిచారు. వచ్చాను.’

కింద ఒక ఫొటో. అంతా నలుపు. వెలుతురు పెంచి చూస్తే నీళ్ళు. పైనుంచి తీసింది కాదు... లోపలి నుంచి తీసింది.

వెంటనే అతని పేరు, ఫొటో రెండూ తీసేశాను. గదిలో ఊక వాసన పోయి బురద వాసన, కుళ్ళిన వల వాసన మొదలైంది. కరెంటు పోయింది. పెట్టె మాత్రం బ్యాటరీ మీద గుయ్యిమంటూనే ఉంది.

‘పిలిచి తలుపేస్తారా?’

వినోద్‌కు ఫోన్ చేశాను. “ఒరేయ్, తీసేశానురా. మళ్ళీ వచ్చాడు!”

“నీ దగ్గర పోయింది అక్కా. నా దగ్గరుంది. నేను తీస్తే మాస్టారి దగ్గరుంటుంది. ముగ్గురం ఒకేసారి ఆపేద్దాం.”

ఆపేలోపల ఇంకో ఫొటో వచ్చింది. కాలవ గట్టు, తాటాకు దడి, దాని వెనక నీలం తలుపు. ఆ తలుపు నాకు తెలుసు. కోటమ్మ ఇల్లు.

‘సకుటుంబంగా రమ్మన్నారు. మా ఇంటిదాన్ని కూడా తీసుకొస్తా.’

నేను బ్యాటరీ వైరు పీకేశాను. మాస్టారు కూడా ఆపేశారు. వినోద్ కూడా ఆపి, మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు.

“అక్కా... మూడూ ఆగాయి. కానీ నాలుగోది ఒకటి నడుస్తోంది.”

“ఎవరిదిరా?”

“మనది కాదు. ఎక్కడుందో తెలీట్లేదు.”

కంపెనీ అయితే తిట్టుకోవడానికైనా ఒక పేరుండేది. ఇప్పుడు ఎవర్ని బతిమాలాలి? కోటమ్మకు మళ్ళీ ఫోన్ చేశాను. “అక్కా, గాలివాన గట్టిగా ఉందట. కారు తెస్తున్నా. ఈ పూటకు మా ఇంట్లో ఉందువుగాని. నేను హారన్ కొట్టేదాకా తలుపు తియ్యకు” అన్నాను.

అడవులదీవి దారిలో పట్టపగలే లైట్లు వేసుకుని నడిపాను. రెండు పక్కలా రొయ్యల చెరువులు. కరెంటు లేక వాటిలో నీళ్ళు చిలికే చక్రాలు ఆగిపోయాయి. అద్దాల మీద వాన తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆలస్యమైతే ఆ మనిషి నా పిలుపు వల్లే పోతుందన్న భయంతో ఎక్కడా వేగం తగ్గించలేదు.

ఇంటి ముందు కారాపి హారన్ కొట్టాను. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాను. దడి అవతల ఏదో కదిలింది... మళ్ళీ వాన. ఇంకోసారి కొట్టేసరికి కోటమ్మ చెంగు నెత్తిన కప్పుకుని పరుగున వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. ఎండుచేపల వాసన, తడిచీర వాసన. బతికున్న మనిషి వాసన! నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెనక్కి చూడకుండా కారు తిప్పాను.

రేపల్లె పొలిమేరలో పెట్రోలు బంకు జనరేటర్ మీద వెలుగుతోంది. ఆ వెలుతురులోకి వచ్చాక కారాపి, ఇక గండం గడిచిందనుకుంటూ పక్కకు తిరిగాను.

కోటమ్మ నుదుటి మీద రూపాయంత కుంకుమ. తడిగా ఉంది. ముక్కు మీదికి కారుతోంది. భర్త పోయిన మనిషికి మా వైపు ఎవరూ బొట్టు పెట్టి పిలవరు.

“అక్కా... ఆ బొట్టేంటి?”

“అదేంటమ్మా? ఇందాక గుమ్మంలో మీరేగా పెట్టింది?”

“నేను కారు దిగలేదక్కా.”

ఆవిడ చేత్తో నుదురు తాకి చూసుకుంది. వేళ్ళకు అంటిన ఎరుపును చూసుకుంది.

“ముసురు చీకట్లో మొహం కనపడలా. చెయ్యి మాత్రం చల్లగా ఉంది” అంది మెల్లగా. “పేరు పెట్టి పిలిచారమ్మా...”

“వద్దక్కా. ఇంటికి పోదాం.”

“అట్టా పిలిచాక వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?”

ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకోలేదు, కదలనూ లేదు. ఆవిడ వైపు కారు తలుపు మాత్రం బయటి నుంచి, ఇంటికొచ్చిన చుట్టానికి తీసినట్టు నెమ్మదిగా తెరుచుకుంది.